పదహారు సెంటీమీటర్ల చీకటి

నవంబరు. కెమిలో రెండున్నరకే పొద్దు గుంకింది.
ఫోర్-కే ప్రొజెక్టరు కావాలని తౌనో ఫోన్ చేశాడు.
కమిషన్ మీద ఆశతో
టేపూ కేటలాగూ సంచిలో వేసుకుని
మంచు తొక్కుకుంటూ వెళ్ళాను.

పేపరు మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు
రీళ్ళ అంచులు చూసిన మనిషి.
"నా దాంట్లో ఇరవై లక్షల చుక్కలే.
కొత్తదాంట్లో ఎనభై మూడు లక్షలట" అన్నాడు,
పక్కవాడి జీతం చెబుతున్నట్టు.

సోఫా నుంచి గోడకి టేపు లాగాను.
నాలుగున్నర మీటర్లు.
తెర వెడల్పు రెండూ ఇరవై.
ఒక్కో చుక్కా మిల్లీమీటరు కన్నా పిసరంత ఎక్కువ.
ఇంత దూరాన మంచి కంటికే
చుక్కకీ చుక్కకీ మధ్య గట్టు కనబడదు.
నాలుగు రెట్లు కొని
ఏ కంటితో చూస్తావయ్యా?

తౌనో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.
పోయిన వేసవిలో శుక్లాలు తీయించుకున్న కళ్ళు.
"సోఫా ముందుకి జరుపుదాం."
"జరిగితే నువ్వు జరుగు," వెనకనుంచి హిల్కా,
"ఎనభై ఏడు నుంచీ ఈ పొయ్యి వేడి
నా వీపుకి అలవాటు."

నిజం చెప్పు, నిన్ను గుచ్చుతున్నది చుక్కలేనా?

మాట్లాడకుండా ఒక సినిమా పెట్టాడు.
సముద్రం, ఓడ, ఈ గోడ నుంచి ఆ గోడకి ఆకాశం.
పైన పదహారు సెంటీమీటర్లు, కింద పదహారు
ఖాళీ.
నలుపు కూడా కాదు,
చల్లారిన బూడిద.
"ఇదీ," అన్నాడు. "డబ్బు పెట్టి కొన్న తెరలో
ఇంత బంజరు ఎందుకు?"

దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోమంటారు గదా,
ఇక్కడ దుప్పటి పొడవు, మంచం కురచ.
ఎనభై మూడు లక్షలు తెచ్చినా
ఆ బూడిద అక్కడే ఉంటుంది,
ఇంకాస్త సన్నటి చుక్కలతో.

"అయితే పొడుగు తెర?"
ఎత్తు ఇంతే ఉంచితే వెడల్పు మూడు మీటర్లకి నాలుగు తక్కువ.
తలుపుకీ కిటికీకీ మధ్య గోడ రెండూ అరవై.
ముప్పై ఆరు సెంటీమీటర్ల సినిమా
కిటికీలోకి పోతుంది.
"కిటికీ నాది" అంది హిల్కా.

ఆమే లేచి నీలం అట్ట నోటుబుక్కు తెచ్చింది.
పోయిన చలికాలం చూసినవన్నీ తేదీలతో,
కాఫీ మరకలతో.
యాభై మూడు.
పొడుగువి పదకొండు. టీవీ ఆకారంవి ఇరవై ఆరు.
మిగతా పదహారూ దాదాపు చదరం:
తౌనో అన్న ఎస్కో తీసిన ఎనిమిది ఎం.ఎం. రీళ్ళు.
పొడుగు తెర మీద వాటికి
రెండు పక్కలా చెరో అరవై అయిదు చీకటి.

ఒకటి చూపించమన్నాను.
కెమి నది, దుంగల తెప్పలు.
పందొమ్మిదేళ్ళ తౌనో దుంగ మీంచి దుంగ మీదికి
జారుతూ, తిట్టుకుంటూ, నవ్వుతూ.
ఫిల్మ్ రేణువు ఒక్కొక్కటీ చుక్క కంటే పెద్దది,
బియ్యం చెరిగినట్టు కదులుతోంది.
ఇందులో ఉన్నదే ఇంత. ఇంకా అడిగితే
యంత్రం ఊహించి వేస్తుంది.

కెమెరా వెనక ఉన్న ఎస్కో ఎక్కడా కనబడడు,
చివర్లో ఒక దుంగ మీద నీడ తప్ప.
"దాన్లో ఊహించి వేయడానికేం లేదు"
అన్నాడు తౌనో, చాలాసేపటికి.

నాలుగు మీటర్ల నల్ల మఖ్మల్, రెండు కర్రలు, తాడు
అని కాగితం మీద రాసిచ్చాను.
ఏదీ మా దుకాణంలో దొరకదు.

ఆదివారం పిలిచారు.
హిల్కా కుట్టిన పరదాలు
తాడు లాగితే పైకీ కిందికీ,
సినిమాని బట్టి గోడ ఆకారం మారుతోంది.
బూడిద పోయింది. ఓడ
నల్లటి గదిలో దానికదే తేలింది.

నేను కాఫీ గుక్క మింగేలోపే
తౌనో సోఫాలోంచి వేలు చూపించాడు:
"ఎడం పక్క అంచు
మూడు మిల్లీమీటర్లు కిందికుంది."

కొలిచాను.
మూడే.