ఆడ అడుగులు

సాలిగ్రామంలో, మందుల షాపు పక్క సందులో
నేల కింద మా గది.
గోడలకి గోనెపట్టా, మూలన ఇసుక తొట్టి,
రెండు ట్రంకుపెట్టెల నిండా చెప్పులు.

ఇరవై రెండేళ్లుగా మగ అడుగులు నావి.
పోలీసు బూట్లు, తాగుబోతు తూలుళ్లు,
కోర్టు మెట్లెక్కే తండ్రులు.
ఆడ అడుగులు భూషణానివి.
బుర్రమీసాల మనిషి, పదో నంబరు పాదం,
లుంగీ ఎగ్గట్టి, మడమ కోసేసిన జోళ్లలో వేళ్లు ఇరికించి
తెర మీద పిల్ల నడిస్తే నడిచేవాడు,
ఉరికితే ఉరికేవాడు,
ఒక్కోసారి ఏడ్చేవాడు కూడా, మైకుకి వినపడకుండా.

టీ నగర్ నిండా ఆడి తగ్గింపు బోర్డులు వేలాడే రోజుల్లో
పోయాడు.

ఈవాళ ఆఖరి రీలు.
కథలో ఆమె మొగుడు మొదటి అరగంటలోనే చచ్చిపోయాడు.
ఇప్పుడు పై గదిలోంచి పద్నాలుగు మెట్లు దిగొచ్చి
మూసేసిన కుట్టుమిషను కొట్టు తెరుస్తుంది. అంతే సినిమా.
తాళానికి తాళం ఉంది.
షట్టరుకి పాత బీరువా తలుపు చాలు.
మెట్లే.

అద్దం వెనక నుంచి ఇళంగో అన్నాడు,
"అన్నా, లైట్‌గా దిగాలి. ఆశ వినపడాలి."
ఆశది ఏ సైజో తెలీక
పెట్టె అడుగు దాకా వెతికాను.

భూషణం జోళ్లు దొరికాయి.
తోలు మీద వాడి బొటనవేలి గుంట.
అందులో నా వేలు పెట్టి దిగాను.
మొదటి టేకు, దొంగ దిగినట్టుంది.
రెండోది, బాకీ వసూలుకొచ్చినవాడు.
ఐదో దానికి ఇళంగో టీ చెప్పాడు.

గ్లాసు చివర గుర్తొచ్చింది,
వాడెప్పుడూ కాళ్లకేసి చూసేవాడు కాదు.
"కాళ్లు నటిస్తాయిరా. భుజం చూడు."

చూశాను. ఫ్రేములో ఆమె నడుం పైకే ఉంది.
ఎనిమిదో మెట్టు దగ్గర ఎడమ భుజం
ఇంతే ఇంత కిందికి జారింది.
ఎవరో చెప్పి చేయించింది కాదది.
ఏళ్లుగా సంచి మోసిన మనిషికి
సంచి లేదని అప్పుడే తెలిసినట్టు.

జోళ్లు విప్పేశాను.
వట్టి కాళ్లతో చెక్కపలక మీద ఏడు.
ఆగాను.
ఎనిమిది.
మిగతా ఆరూ వాటంతటవే వచ్చాయి.

ఇళంగో చాలాసేపు బటన్ నొక్కలేదు.

మిక్సింగులో వయొలిన్లు వస్తాయి, తెలుసు.
నా పద్నాలుగు మెట్లూ వాటి కింద ఎక్కడో నలిగిపోతాయి.
భూషణమైతే మ్యూజిక్ వాళ్లని
నెల్లూరు యాసలో మూడు తరాల వెనక్కి తిట్టేవాడు.
వాడి బదులు మెల్లిగా, ఒక తరం వరకూ తిట్టాను.

రాత్రి, ఆర్కాట్ రోడ్డులో మెట్రో రేకుల వెంట నడుస్తున్నాను.
జేబులో రెండు పెట్టెల తాళంచెవులూ
ఒకదాన్నొకటి తాకి చప్పుడు చేస్తున్నాయి.

రేపు తొమ్మిదింటికి పెళ్లిపందిరి సీను.
ముప్ఫై మంది, ఆడా మగా.
నేనొక్కణ్ణే.
తొందరగా పడుకోవాలి.