రెండే మెట్లు

ఫోనులో అందరిదీ ఒకటే మాట.
"రెండే రెండు మెట్లండీ, అంతే."
కాఫీలోకి రెండే చెంచాల చక్కెర
అన్నంత తేలిగ్గా అంటారు.

నా ఒళ్ళో ఒక దర్జీ టేపు ఉంటుంది,
లుగో సంతలో కొన్నది, పసుప్పచ్చది.
నా కుర్చీ వెడల్పు అరవై ఆరు సెంటీమీటర్లు.
నా వయసైనా మర్చిపోతాను గానీ ఆ అంకె మర్చిపోను.

ఈ తీరానికి మృత్యుతీరమని పేరు.
ఎన్ని ఓడలు మునిగాయో లెక్క లేదు.
"నువ్వు మునిగేది మాత్రం బాత్రూం గుమ్మం దగ్గరే"
కారు నడుపుతూ ఉషీయా అంది.
నవ్వాం. నిజం కాబట్టి
కాస్త ఎక్కువసేపే నవ్వాం.

మొదటి హోటల్లో
తలుపు మీద నీలంరంగు చక్రాల బొమ్మ,
లోపల నా ఛాతీ ఎత్తున స్నానాల తొట్టి.
రెండోదాంట్లో రాంప్ ఉంది,
రాంప్ మీద బీరు పీపాలున్నాయి.
అవి జరిపే కుర్రాడు సోమవారం వస్తాడట.
ఆ రోజు గురువారం.

మూడోదాంట్లో అన్నీ కుదిరాయి.
పట్టుకోను కమ్మీలు, తిరగను చోటు.
సముద్రం కనబడే గది,
అందుకు ఇరవై యూరోలు అదనం.
కిటికీ దగ్గరికి వెళ్ళాను.
గోడ నా గడ్డం దాకా వచ్చింది.
ఆకాశం కనబడింది, ఆకాశంలో ఒక పక్షి.
సముద్రాన్ని మాత్రం
నిలబడేవాళ్ళ కోసం విడిగా దాచిపెట్టారు.
ఉషీయా నా వెనక నిలబడి చెప్పింది:
"ఇవాళ పచ్చగా ఉంది. పడవ ఒకటి పోతోంది."
చెప్పగా విన్న సముద్రానికి ఇరవై యూరోలు!
సంచీ విప్పకుండానే బయల్దేరాం.

వాన. చీకటి.
రోడ్డు చివర ఒక రాతి ఇల్లు.
"గదులు" అని ఒక్క మాట రాసిన చెక్క.
నీలం బొమ్మ లేదు.
మెట్లెన్ని అని అలవాటుగా అడిగాను.
ఒబ్దూలియా ఆలోచనలో పడింది.
"మెట్లా? ఉండేవి. తీయించేశాం."

గడప లేదు.
ఆ సంగతి నాకన్నా ముందు నా చక్రాలకు తెలిసింది.
తలుపుల్లోంచి ఆవునీ దూడనీ పక్కపక్కన తోలుకుపోవచ్చు.
స్విచ్చులు నడుమెత్తున,
గ్లాసులు కింది అరలో,
అద్దం కొద్దిగా ముందుకు వంగి ఉంది,
ఎవరి మాటో వింటున్నట్టు.
టేపు తీయలేదు నేను.

వేడి సూపు పోస్తూ చెప్పింది.
ఆయన పేరు ఎలాదియో.
రాళ్ళకంటుకు పెరిగే పెర్సేబెస్ గీకి తెచ్చేవాడు,
అలకీ అలకీ మధ్య ఉన్న తీరికలో.
ఒకనాడు ఆ తీరిక చాల్లేదు.
తర్వాత పద్నాలుగేళ్ళు కుర్చీలోనే.
తమ్ముడు అమారో రాతిమేస్త్రీ,
ఏడాదికొక చలికాలం, చలికాలానికొక పని.
మొదట గడప. తర్వాత తలుపులు.
చివరికి వంటింటి కిటికీ.

"కిటికీ అంత కిందికెందుకు?"
"పొద్దున్నే లేచి సముద్రాన్ని తిట్టాలిగా ఆయన.
తిట్టేది మొహం మీద తిట్టకపోతే
ఏం మగాడు?"
సూపు గిన్నెలోకి చూస్తూ నవ్వింది.
ఆయన పోయి ఆరేళ్ళు.
కిటికీ తుడవడం ఒక్కరోజూ మానలేదట.

తెల్లారి ఆ కిటికీ దగ్గర కూర్చున్నాను.
మోకాళ్ళెత్తు గట్టు.
రెండు చోట్ల రాయి నున్నబడి మెరుస్తోంది.
నా మోచేతులు వాటంతటవే అక్కడికే వెళ్ళాయి.
అల మొదలైన చోటు నుంచి
విరిగిన చోటు దాకా
మొత్తం, ఎవరూ చెప్పకుండా, కనబడింది.
ఆయన బదులు ఒక తిట్టు తిట్టి చూద్దామనుకున్నాను.
నోరు రాలేదు.
చాలా కాలానికి ఎదురుపడ్డాం
సముద్రమూ నేనూ.

అంతా బాగుందని అబద్ధం చెప్పను.
వాకిట్లో గులకరాళ్ళు, చక్రాలు దిగబడ్డాయి.
ఇద్దరూ కలిసి నన్ను బయటికి లాగారు.
"అమారోకి చెబుతాను" అంది.
అమారోకి ఎనభై ఒకటి.

కారు మలుపు తిరుగుతుంటే
పక్క అద్దంలో చూశాను.
టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన
పారని గోడకి చేరేసి
నా చక్రాలు గీసిన గాడి పక్కన వంగి
జానలతో కొలుస్తున్నాడు.