జానెడు పక్కకు

కొలిమిగుండ్ల దాటినాక, పాత గవి మూతి కాడ
నాపరాయి నిలువు గోడ.
సగం జిల్లా కాళ్లు కడుక్కునేది
ఈ బండ మీదనే.
తూటాకు బెజ్జం యాడ పడాలో
ఎర్రరంగుతో గుర్తు పెట్టేది నా పని.

మూడో గుర్తు పెట్టబోతే
కుంచె కింద ఏదో మెదిలింది.
పగులులోంచి నాలుగాకులు, నూగు నూగుగా,
వాటి నడుమ ఊదారంగు పువ్వు,
నా చిటికెనవేలి గోరంత.

మట్టి లేదు.
చెమ్మంటావా, గవి వదిలే ఊపిరే.
మా చేన్లో మూడు బోర్లేస్తే మూడూ దుమ్ము కక్కినాయి.
దీనికి నీళ్ల జాడ ఎవరు చెప్పినారో!

పోయినేడు అనంతపురం కాలేజీ నుంచి
ఒకమ్మి వచ్చింది, మెడలో భూతద్దం.
పొద్దంతా గోడకు ముఖమానించి చూసి
"పదకొండు" అనింది.
ఏంది పదకొండు?
ఈ కొండ మొత్తానికి అన్నేనంట.
పేరడిగితే నోరు తిరగనిదేదో చెప్పింది.
గొర్ల కాడి ఓబుళక్క నవ్వి,
"దానికి మేమెందుకు పెడతాం నాయనా పేరు,
గొర్రె తినదు, కూరకు రాదు" అనింది.

ఆ పదకొండులో ఇది ఉందో లేదో.

డబ్బాలో రంగు గట్టిపడతా ఉంది.
కింద నుంచి దస్తగిరి మేస్త్రీ కేక, "అయిందా?"
"అవుతాంది."

జానెడు పక్కకు జరిపి గుర్తు పెట్టినా.
తూటా జానలు కొలవదని
నాకు తెలీక కాదు.

రాత్రి సంగటి ముద్ద ముందర కూర్చుంటే
గోళ్లన్నీ ఎర్రగా ఉండాయి.
చిటికెనవేలి గోరొక్కటే
రంగంటకుండా మిగిలింది.