కాలికి తగిలే చోట

బల్లారట్‌లో జూన్ నెల.
తెల్లారి ఏడైనా పెరట్లో గడ్డి
ఉప్పు జల్లినట్టే ఉంటుంది.
అలాంటి ఓ శనివారం
ఎవరిదో ఇల్లు ఖాళీ చేస్తున్న వేలంపాటలో
పాలరాతి తల ఒకటి పాడుకున్నాను.
ముక్కు లేదు. మెడ దగ్గర రంపపు గుర్తు.
నూట యాభై ఏళ్ళదట.
అది నావైపు చూడలేదు, అందుకే నచ్చింది.

కారు ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను.
మలుపులో ఒరిగిపోతుంటే
ఎడం చేత్తో పట్టుకున్నాను,
ఆస్పత్రిలో రోజూ పట్టుకునే తలల్లాగే.
నా ఉద్యోగం మెడలూ భుజాలూ మోకాళ్ళూ,
పడిన మనుషుల్ని మళ్ళీ నడిపించడం.

యుగంధర్ సర్వేయరు, టేపు తీశాడు.
చలిమంట గూటి పైన, మిల్లీమీటరు తేడా లేకుండా
నట్టనడుమ నిలబెట్టాడు.
సెలవు ఇవ్వని మేనేజరులా ఉంది అక్కడ.
కిటికీ దగ్గరికి మార్చాను,
రాని బస్సు కోసం చూస్తున్నట్టుంది.
చివరికి పుస్తకాల అరలో,
నిఘంటువుకీ మిక్సీ వారంటీ కాగితాలకీ మధ్య
తల దాచుకుంది.

నర్తకిది వేరే కథ.
చారిటీ దుకాణంలో, పగిలిన టీకప్పుల వెనక
పద్దెనిమిది డాలర్లు.
కంచురంగు పూసిన ప్లాస్టరు,
గోటితో గీకితే తెల్లగా నవ్వుతుంది.
పైకెత్తిన ఆ కుడిచెయ్యి
ఏ మనిషికీ అటు తిరగదు.
చేసినవాడు సొగసు చూశాడు, కీలు చూడలేదు.
దాటినప్పుడల్లా ఆ భుజాన్ని
చటుక్కున గూట్లోకి తోసెయ్యాలనిపిస్తుంది.
"ఇది నకిలీ కదా?" అంది భోజనానికొచ్చిన హైమ.
అవును.
అరవై ఏళ్ళుగా ఒక్కరోజు కూడా
అసలునని చెప్పుకోలేదు.

ఇక పిట్ట.
కంచె అవతలి గ్లెనిస్ చేసింది.
వాళ్ళాయన డెస్ నలభై ఏళ్ళు గొర్రెల బొచ్చు కత్తిరించి
షెడ్డు నిండా ఇనపదువ్వెనలు వదిలి పోయాడు.
డెబ్భై మూడో ఏట ఆమె వెల్డింగు నేర్చుకుంది.
తోకంతా దువ్వెనలు, రెక్కలంతా దువ్వెనలు,
కళ్ళు రెండూ బోల్టులు,
ఎత్తు నా మోకాటి కింది దాకా.
మోయలేక నడవాలోనే దించేసి
"టీ ఉందా?" అంది.
దించిన చోటే అది కాపురం పెట్టింది.

జూలైలో ఒక రాత్రి గాలివాన. కరెంటు పోయింది.
ఫోను ఏ గదిలో ఉందో.
చేతులతో ఇల్లు తడుముకుంటూ బయల్దేరాను.
రాయి తగిలింది,
ముక్కు లేని చోట నా బొటనవేలు
కొలత తీసుకుని చేసినట్టు ఇమిడింది.
ప్లాస్టరు తగిలింది,
చలీ కాదు వేడీ కాదు, బిస్కెట్టులాంటి ఒళ్ళు.
వేళ్ళకి వయసు తెలియలేదు.
ఏది తాతలనాటిది, ఏది నిన్నటిది అని
చీకటి ఎవర్నీ అడగలేదు.
నేనూ కాసేపు అక్కడే,
ఎవరో తెచ్చి నిలబెట్టినట్టు నిలబడ్డాను.

ఒక్క అడుగు వేశానో లేదో
పిట్ట పొడిచింది.

పొద్దున్నే గ్లెనిస్ వచ్చింది.
నా పిక్కకి కట్టు చూసింది,
తోక చివర ఎండిన నెత్తురు చూసింది.
"ఆయనా అంతే, ఎప్పుడూ కాళ్ళకి అడ్డం,"
అని నవ్వడం మొదలుపెట్టి
ఆపుకోలేక, నడవాలో నేలమీదే కూలబడి
ఆ బోల్టు కళ్ళ పక్కన
చాలాసేపు నవ్వింది.
నవ్వు ఎక్కడ ఆగిందో
నేను సరిగ్గా చూడలేదు. కాఫీ పెట్టాలని లేచాను.

పిట్టని జరపలేదు.
యుగంధర్ మాత్రం టేపు పక్కన పడేసి
పాత లంగా చింపి
లారీ వెనక పొడుచుకొచ్చిన చువ్వలకి కట్టినట్టు
తోకకి ఎర్రగుడ్డ కట్టాడు.
వంకరగా కట్టాడు.
మొదటిసారి కొలవలేదు.