ఎర్రదారం కట్టిన కాయ

జ్ఞానాపురంలో మా మేడ మీద
మందారాలకి రోజూ మొహం కడగాలి.
రాత్రంతా రేవు బొగ్గు ఆకుల మీద పడుకుని ఉంటుంది.
తుడిచిన గుడ్డ పిండితే
కాటుక.

కింద కుట్టు మిషను, పైన నలభై కుండీలు.
రెండింటికీ దారం ఒకటే.
ఏ పూవు పుప్పొడి ఏ పూవుకి అద్దానో
తొడిమకి ముడేసి గుర్తు పెట్టుకుంటాను.
పచ్చదారం గోపాలపట్నం నర్సరీ పసుపుది,
నీలందారం రైల్వే క్వార్టర్స్ గోడ మీంచి
అడిగి తెచ్చుకున్న నారింజరంగుది,
ఎర్రదారం డొంకాడ రామ్మూర్తి గారి తెల్లది.
సిగ్నళ్ళ దగ్గర ముప్పయ్యేళ్ళు చేసిన మనిషి.
పుప్పొడిని ఖాళీ క్యాప్సూల్లో పెట్టి
చొక్కా జేబులో, గుండె మందు పక్కన,
మర్రిపాలెం నించి సైకిల్ మీద తెచ్చారు.
"జాగర్తమ్మా, రెంటికీ ఒకే రంగు మూత."

ఎండ చురుక్కుమనక ముందే
పదిహేడో కుండీలో నా గులాబీరంగు దానికి
అయిదు ఎర్ర బొడిపెల మీదా బ్రష్షుతో అద్దాను.
అద్దాక లైనింగ్ ముక్కతో ముసుగు వెయ్యాలి.
శ్రావణమాసం. పదకొండు పెళ్ళి జాకెట్లు.
కింద నించి నూకరత్నం కేక:
"అక్కా, సేతులు సరిపోలేదంట, పెళ్ళికూతురు ఏడుస్తంది!"
ముసుగు నా చేతిలోనే ఉండిపోయింది.

కాయ నిలిచింది.
పేరు కూడా పెట్టేశాను, కడుపులో ఉండగానే:
యారాడ వెన్నెల.
తెల్లదానికీ గులాబీకీ ఇంకేం పుడుతుంది?

తొమ్మిది గింజలు, నాలుగు మొలకలు.
ఒకదాన్ని నత్త తింది.
ఒకటి మే నెల వడగాలికి పోయింది.
ఒకటి ఇప్పటికీ మొగ్గెయ్యలేదు,
ఆకులే ఆకులు, మా మరిది మాటల్లా.
నాలుగోది పంతొమ్మిది నెలలకి విచ్చింది.

వెన్నెల లేదు.
ఇటుక రంగు. అంచున వెల్లుల్లి పొట్టు మీది ఊదా.
నడిమధ్య, బొగ్గు వేగన్ కడిగిన నీళ్ళు ఎండినట్టు
ఒక మరక.
ముక్కూ మొహం వెతికాను.
రేక ముడత తల్లిదే.
రామ్మూర్తి గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని
"ఇది మాది కాదమ్మా" అన్నారు.

నీళ్ళ డ్రమ్ము మీద తేనెపిట్ట
మెడ అటూ ఇటూ తిప్పింది.
ఆ పొద్దున ఏ మేడ మీద మూతి పెట్టి వచ్చిందో.

రిజిస్టరు తీశాను.
తల్లి: పదిహేడో కుండీ.
తండ్రి:
పెన్సిలు అక్కడే ఆగింది.
భుజం మీంచి నూకరత్నం చూస్తోంది.
పదో తరగతి ఫారంలో ఈ గడి దగ్గరే
హెడ్మాస్టరు దాన్ని మూడుసార్లు తిప్పి పంపాడు.
నాలుగోసారి అది వెళ్ళలేదు.
నా దగ్గరికొచ్చి కాజాలు కుట్టడం నేర్చుకుంది.
"గీత కొట్టీండక్కా."
"కొట్టను."
"పోనీ, పిట్ట అని రాసీండి."
రాశాను. పెన్సిలుతోనే.

మధ్యాహ్నం జాలారిపేట నించి దాని తల్లి వచ్చింది.
చేపల తట్ట మెట్ల కింద దించి,
మోకాళ్ళు పట్టుకుంటూ పైకెక్కి,
పూవుని చూసి, తడిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని
"ఓర్నాయనో!" అంది.

ఐస్‌క్రీం డబ్బా కోసి చేసిన బిళ్ళ మీద
నూకరత్నం అదే రాసింది,
చివరి దీర్ఘం బిళ్ళ అంచు దాటిపోయేలా.

మూడు కొమ్మలు వేళ్ళు పట్టాయి.
మర్రిపాలెం నించి ఫోను:
"మా ఓర్నాయనో ఇవాళ రెండు పూసిందమ్మా."
'మా' అనడం విన్నాను. ఏమీ అనలేదు.

జాలారిపేటలో, చేపల థర్మోకోల్ పెట్టెలో ఉన్నదానికి
ఉప్పుగాలికి ఆకు అంచులు మాడుతున్నాయట.
పొద్దున్నే మంచినీళ్ళతో
దానికీ మొహం కడగమన్నాను.