మూర

టేపు తీయకముందే నా నోట్ల కొలత ఉంటది:
బండ ముప్పైనాలుగు అంగుళాలు,
పై అరలు నిలబడ్డ మనిషి చెయ్యెత్తినంత.
ఇరవై ఆరేండ్ల సంది మల్కాజిగిరి నుంచి మణికొండ దాకా
ఎన్ని వంటిండ్లు బిగించిన్నో లెక్కలేదు.
వండేదెవరని ఒక్క ఇంట్ల అడగలే.

హంసవేణి మేడమ్ ఇంట్ల గూడ అడగలే.
రెండేండ్ల కింద ఉప్పల్ రింగు రోడ్డు కాడ స్కూటీ పడ్డది.
అప్పటి సంది నడుము కింది సగం
ఆమె మాట వినదు.
ఆయన మంచోడే. "చాయ్ నేను పెడ్త గదా,
కర్రీ పాయింట్ల కూర తెస్త గదా" అంటడు.
"అన్నీ తెస్తరు," అన్నదామె,
"ఉప్పెంతెయ్యాల్నో అదొక్కటి నాకిడిసిపెట్టుండ్రి."

సరేనని నాలుగంగుళాలు కోసిన.
బండ కింద తలుపులు, తలుపులకు సన్‌మైకా, మిలమిల.
పనోళ్లకు చూపియ్యనీకి ఫోన్ల ఫొటో గూడ తీసుకున్న.
చక్రాల కుర్చీ వచ్చింది.
మోకాళ్లు తలుపుకు తాకినయి.
చప్పుడు చిన్నదే.
చాపిన చెయ్యి పొయ్యి దాకా పోక గాలిల ఆగింది.
ఎవ్వరేమనలే. ఫ్రిజ్జు ఒక్కటే గుర్రుమన్నది.

"చారిగారూ, జర మీరొకసారి కూసోండ్రి."

ఆమె మంచమ్మీదికి జరిగింది. నేను కుర్చీల కూసున్న.
పావుగంటల నేను చేసిన పనే
నన్ను పరాయోణ్ని చేసింది.
నల్లా అందదు.
పోపుడబ్బా ఎక్కడో ఆకాశంల.
మంట తగ్గించాల్నంటే మంట మీది నుంచే చెయ్యి పోవాలె.
మర్రుదామంటే కుర్చీకి జాగా లేదు,
ఎనకకు ఎనకకు, రివర్సు గేరుల ఆటో లెక్క
బయటికొచ్చిన.

మా తాతకు టేపు తెల్వదు.
బెత్తెడు, జానెడు, మూరెడు.
నాగలి చెక్కే ముందు రైతును ఎదురుంగ నిలవెట్టి
వాని నడుమెత్తు చూసి మేడి పెడ్తుండె.
పొట్టోని నాగలి పొడుగోనికి ఇయ్యకపోతుండె.

అందుకే అన్న, "మేడమ్, చెయ్యి చాపుండ్రి."
మోచెయ్యి నుంచి నడిమేలు కొస దాకా
పదహారున్నర.
పెన్సిలుతోని గోడ మీద రాసుకున్న.

తలుపులన్నీ పీకేసిన. పీకుతుంటే పానం గుంజింది, అబద్ధమెందుకు.
బండ కింద ఇప్పుడు ఖాళీ, ఆమె మోకాళ్లకు.
రాణిగంజ్‌ల రెండు దుకాణాలు తిరిగి చానల్లు తెచ్చిన,
ఒక్క వేలితో గుంజితే గిన్నెలే ఎదురొస్తయి.
సింకు లోతు తగ్గింది, నల్లా పక్కకొచ్చింది,
పొయ్యి చెవులు ముంగటికి.

గడప కాడ మూడొద్దులు పని ఆగింది.
"గడప తీస్తే లక్ష్మి పోతది" అని ముసలామె అలిగి కూసున్నది.
నాలుగో పొద్దు తనే లేసి అన్నది:
"తియ్యి బిడ్డా. దినాం అది దాటలేక
నా కోడలు అవతలనే ఆగిపోతున్నది."
తీసినంక చదును నేల మీదనే
రెండు పసుపు గీతలు గీసి, నడుమ కుంకుమ పెట్టింది.
వాటి మీదికెళ్లి చక్రాలు పోయినయి.
ఇల్లంత పసుపు జాడలు.

ఆ పూట పప్పుచారు పోసిండ్రు నాకు.
ఉప్పు జర ఎక్కువైంది.
ఆమె మొఖం చూసి
ఇంకో గంటె పోయమన్న.

మౌలాలిల మా ఇంటికొచ్చేసరికి చీకటి.
సరూప రొట్టెలు కొడుతున్నది, పీట మీద నిలబడి.
ఆ పీట నేనే చేసిచ్చిన,
పెండ్లయిన కొత్తల, మిగిలిన టేకు ముక్కతోని,
బండ అందుతలేదంటే.
ఎంత మురిసిన్నో అప్పుడు!
పద్దెనిమిదేండ్లాయె, ఎక్కుతున్నది, దిగుతున్నది.

టేపు జేబులనే ఉండనిచ్చిన.
"సరూపా, ఒకసారి చెయ్యి చాపు."

"పిండంటింది, ఆగు" అన్నది, తిరిగి సూడకుంట.