మనం అనే మాట దగ్గర

జెనీవాలో రాత్రి రెండున్నర.
గాజు గదిలో ఎర్మెలిందా
చెవులకు యంత్రం తగిలించుకుని
ఇంకెవరి గొంతునో తన గొంతులోకి ఒంపుకుంటోంది.
కింద హాల్లో దేశాల పేర్లన్నీ మెలకువగానే ఉన్నాయి.
సగం కుర్చీల్లో మాత్రం కోట్లే కూర్చున్నాయి.

రాబోయే మహమ్మారి కోసం
ముందే రాసుకుంటున్న ఒప్పందం.
కుదరని మాటలన్నిటికీ చదరపు బ్రాకెట్లు,
క్వారంటైన్‌లో పెట్టినట్టు
ఒక్కో మాటకి అటొక తలుపు, ఇటొక తలుపు.
మందులు పంచుకోవాలి అని ఉండేది సోమవారం.
మంగళవారానికి పంచుకోవచ్చు అయింది.
తెలుగులో చెప్పుకుంటే
ఒక్క "లి" పోయింది.
ఎవరూ లేచి నిలబడలేదు.
బుధవారం ఆ ఖాళీలో
వీలైన చోట అని ఒక కుర్చీ వేశారు.

ప్రతి మనిషికీ ఆరోగ్యం హక్కు అనే వాక్యానికి
బ్రాకెట్లు లేవు.
అది పీఠికలో ఉంది.
పీఠిక ఎవరి చేతులూ కట్టదు, అందుకని.

నేను నేలమాళిగలో పత్రాలు అచ్చువేసేవాణ్ణి.
కాఫీ యంత్రం దగ్గర పరిచయం మాది.
వాళ్ళ అమ్మమ్మది గ్వారానీ భాష, పరాగ్వేలో.
అందులో ఆ మాటకి రెండు రూపాలట:
వింటున్నవాణ్ణి కలుపుకుంటే ఞాందే,
గడప అవతలే ఉంచితే ఓరే.
ఓరే అంటే నా చెవికి
ఎవరినో కసిరినట్టే ఉంది.
ఇంకా విడమరచబోయి, నేను తలూపుతుంటే ఆగింది.
నీకెలా తెలుసు?
మాకూ ఉన్నాయి, అన్నాను. మనం. మేము.
అన్నాక తెలిసింది,
మాకూ అంటూనే ఆమెను బయట నిలబెట్టానని.

అప్పుడు చెప్పింది తమ్ముడు అనిసేతో సంగతి.
పరానా నది మీద వంతెన.
ఇటు ఎన్కర్నాసియోన్, అటు పోసాదాస్.
నెత్తురు కడిగించుకోడానికి
వారానికి మూడుసార్లు ఆ వంతెన దాటేవాడు.
ఒక మార్చి నెల పొద్దున
కిటికీలో అమ్మాయి కార్డు తిప్పి తిప్పి చూసి
మావాళ్ళకే చాలడం లేదంది.
మర్యాదగానే అంది. తల ఎత్తకుండా అంది.
అతని భాషలోనే అంది.
ఒంట్లో మూడు కిలోల నీళ్ళు మోసుకుంటూ
వంతెన మీద వెనక్కి నడిచాడు.
కింద ఊళ్ళకి ఊళ్ళు మింగేంత నది.
అతనికి రోజుకి నాలుగు గ్లాసులే అనుమతి.

తర్వాత ఏమైందని నేను అడగలేదు.
ఆమె కప్పు కడిగి బోర్లించింది.

ఇప్పుడు హాల్లో ఎర్ర దీపం వెలిగింది.
ఒక ప్రతినిధి, అలసిన మనిషే, చెడ్డవాడేం కాదు,
మూడు రోజుల గడ్డంతో చదువుతున్నాడు:
"మేము మొదట మా ప్రజలకు జవాబుదారులం.
మేము కాగితాలు అడిగే హక్కు వదులుకోలేము."
అతని భాషలో ఆ మేముకి గడప లేదు.
ఆమె మాట్లాడాల్సిన స్పానిష్‌లోనూ లేదు.
ఏది అనాలో ఆమెను ఎవరూ అడగరు.
దుబాసీకి అభిప్రాయం ఉండకూడదు,
జీతం ఉంటుంది.

మూడోసారి మేము దగ్గర
ఆమె గొంతు జారింది.
ఞాందే, అంది మైకులో.
ఒక్క క్షణం.
స్పానిష్ వింటున్న చెవుల్లో
ఎవరికీ అర్థం కాని ఒక మాట
పిల్లి పిల్లలా దూరి కూర్చుంది.
వెనక వరసలో ఒకావిడ మాత్రం
గబుక్కున తలెత్తి గాజు గది వైపు చూసింది.
"క్షమించండి. దుబాసీ పొరపాటు" అంది ఎర్మెలిందా,
వాక్యాన్ని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.

నాలుగున్నరకి ముసాయిదా కిందికి వచ్చింది.
వెతికాను. ఆ మాట ఎక్కడా లేదు, ఉండదు.
బ్రాకెట్లు పదకొండు పెరిగాయి.
నాలుగు వందల ప్రతులు వేశాను.
పైదాని మీద చెయ్యి ఆనిస్తే
వెచ్చగా ఉంది,
ఎవరి పిల్లకో జ్వరం చూస్తున్నట్టు.